మజ్జ మార్పిడి తరువాత వేలూరు నుంచి ఇంటికి: బయలుదేరే ముందు ఏమేమి సిద్ధం చేసుకోవాలి?

పాలకొల్లు అమ్మ

సభ్యులందరికీ నమస్కారం. మా బాబుకు ఆరేళ్లు, బీటా తలసీమియా మేజర్ (పుట్టుకతో వచ్చి, తరచూ రక్తం ఎక్కించవలసిన రక్తహీనత). వాడి అక్క మజ్జ పూర్తిగా సరిపోవడంతో వేలూరు సీఎంసీ ఆసుపత్రిలో బీఎంటీ (మజ్జ మార్పిడి) చేయించాం. వందో రోజు పరీక్షలు అయ్యాయి. బాబు రక్తంలో దాత కణాలు ఎన్నో చూసే కైమెరిజం పరీక్షలో దాదాపు అన్నీ అక్క కణాలే ఉన్నాయని, రక్తకణాల కౌంట్లు నిలకడగా ఉన్నాయని, వచ్చే వారం ఊరికి వెళ్లవచ్చని డాక్టర్లు చెప్పారు. ఈ మాట కోసం ఇన్నాళ్లూ ఎదురు చూసిన నాకు, అది విన్న దగ్గర నుంచి నిద్ర పట్టడం లేదు. ఇక్కడ బాబుకు కాస్త ఒళ్లు వెచ్చబడినా కొద్ది నిమిషాల్లో ఆసుపత్రికి చేరగలం. అక్కడ అలా కాదు.

మా అత్తవారిది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. ఉమ్మడి కుటుంబం. కాలువ వైపు గోడకు ప్రతి వర్షాకాలం నెమ్ము వస్తుంది. పెరట్లో రెండు గేదెలు, కోళ్లు, వెనకాల గడ్డిమేటు ఉన్నాయి. మా తోటికోడలి కొడుక్కి రెండేళ్లు. మేం వెళ్లేసరికి సార్వా కోతలు మొదలవుతాయి. దారిలో తిరుమల వెళ్లి మొక్కు తీర్చాలని, ఇంటికి చేరిన వారంలోనే సత్యనారాయణ వ్రతం చేసి ఊరందరికీ భోజనాలు పెట్టాలని మా అత్తగారు ఆశపడుతున్నారు. ఆవిడను కాదనే ధైర్యం నాకు లేదు, సరే అనే ధైర్యమూ లేదు. ప్రయాణం, ఇల్లు, పరీక్షలు, దగ్గర్లో చూసే డాక్టరు, వీటి విషయంలో ఇంతకు ముందు ఇంటికి వెళ్లినవారు ఏం చేశారో చెప్పగలరా?

ఖమ్మం నాన్న

అమ్మా, ముందుగా మీ కుటుంబానికి అభినందనలు. మా పాపకు మార్పిడి జరిగిన తరువాత మేము నేరుగా ఊరికి పోలేదు. పిల్లల రక్త వ్యాధులు చూసే డాక్టరు ఉన్న పట్టణంలో, ఆసుపత్రికి అరగంట దూరంలో ఒక చిన్న వాటా అద్దెకు తీసుకున్నాం. మీకు కూడా అదే చెబుతాను. వందో రోజు దాటితే గండం గడిచిందని చాలామంది అనుకుంటారు కానీ, ఆ రోజున బాబు ఇంకా సైక్లోస్పోరిన్ (రోగనిరోధకతను అణచే మందు) మీదే ఉంటాడు, ఆ మందు మోతాదును నెలల తరబడి కొద్దికొద్దిగా తగ్గించుకుంటూ వస్తారు, తగ్గించే ప్రతిసారీ జీవీహెచ్‌డీ (దాత కణాలు పిల్లవాడి ఒంటి మీదే దాడి చేయడం) తల ఎత్తుతుందేమోనని కనిపెట్టుకుని ఉండాలి. ఆ దశంతా ఊళ్లో, అందులోనూ కోతల కాలంలో, గడపడం నాకు సమ్మతం కాదు.

ప్రయాణం గురించి చెప్పాలంటే బస్సు మాత్రం వద్దు. కాట్పాడి నుంచి రైలులో వెళ్లదలిస్తే ఏసీలో తలుపు వేసుకోగలిగే కూపే దొరుకుతుందేమో ప్రయత్నించండి. దొరకకపోతే కారే మేలు. కారులో అయితే చిత్తూరు, తిరుపతి, నాయుడుపేట మీదుగా నెల్లూరు చేరి, అక్కడి నుంచి జాతీయ రహదారి మీద విజయవాడ వైపు వెళ్లవచ్చు. పాత అద్దె కారు ఏసీలో బూజు వాసన వస్తే ఆ బండి వద్దని ముందే చెప్పేయండి. తినేవన్నీ ఆ ఉదయం వండుకుని వేడిగా డబ్బాల్లో సర్దుకోండి, దారిలో హోటలు పెరుగన్నం, చట్నీ ఏదీ పెట్టకండి. మందుల సంచీ మీ ఒడిలోనే ఉండాలి. డిక్కీలో గానీ అద్దం ముందు ఎండలో గానీ పెడితే క్యాప్సూళ్లు పాడవుతాయి.

విశ్రాంత నర్సు

నేను చాలా ఏళ్లు మజ్జ మార్పిడి వార్డులో పనిచేశాను. మోతాదుల విషయంలో మీ ఆసుపత్రి రాసి ఇచ్చిన కాగితమే మీకు ప్రమాణం, ఇక్కడ ఎవరు ఏం రాసినా, నేను రాసినా సరే, దాన్ని చూసి మందు మార్చకండి. ఈ ఒక్క హెచ్చరికతో నాకు తెలిసినవి చెబుతాను.

అన్నిటికన్నా ముందు జ్వరం. థర్మామీటరులో 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే 38 డిగ్రీల సెల్సియస్, కనిపిస్తే అది అర్ధరాత్రయినా సరే ఫోన్ చేసి బయలుదేరాలి. పారాసిటమాల్ వేసి పొద్దున చూద్దాం అనుకోవడం ఈ పిల్లల విషయంలో పనికిరాదు, ఎందుకంటే రక్తంలో సూక్ష్మజీవులు చేరితే కొన్ని గంటల్లోనే బీపీ పడిపోవచ్చు. స్టెరాయిడ్ వాడుతున్న పిల్లలకు జ్వరం పైకి తెలియకపోవచ్చు. కనుక బాబు మందకొడిగా ఉన్నా, వణుకు వచ్చినా, తిండి మానేసినా దాన్ని కూడా జ్వరంతో సమానంగానే చూడండి. హిక్‌మన్ లైను (ఛాతీ దగ్గర పెద్ద రక్తనాళంలోకి పెట్టిన గొట్టం) తీయకుండానే పంపిస్తుంటే దాన్ని వారం వారం ఎవరు ఫ్లష్ చేస్తారు (మందు నీళ్లు ఎక్కించి శుభ్రం చేస్తారు), క్యాపు ఎవరు మారుస్తారు అన్నది వేలూరు వదలక ముందే తేలాలి. ఫ్లష్ చేసిన గంటలోపు చలి, వణుకు వస్తే లైనులో ఇన్‌ఫెక్షన్ ఉందేమోనని అనుమానించాలి.

రెండోది చర్మం, కడుపు, కళ్లు. అరచేతులు, అరికాళ్లు, చెవుల వెనక ఎర్రబడి దురద పెట్టడం, నీళ్ల విరేచనాలు, కళ్లు పచ్చబడడం జీవీహెచ్‌డీ గుర్తులు కావచ్చు. మన ఊళ్లలో కళ్లు పచ్చబడగానే పసరు పోయించడానికి తీసుకుపోతారు. ఆ మాట ఎత్తిన బంధువు ఎంత పెద్దవారైనా వినకండి. ఎండ తగిలితే చర్మపు జీవీహెచ్‌డీ రేగుతుంది కాబట్టి పొడుగు చేతుల చొక్కా, అంచు వెడల్పు టోపీ అలవాటు చేయండి.

మూడోది సైక్లోస్పోరిన్. లెవల్ పరీక్ష (రక్తంలో ఈ మందు ఎంత ఉందో చూసేది) రోజున పొద్దుటి మోతాదు వేయకముందే రక్తం ఇవ్వాలి, ఆ తరువాతే మందు వేయాలి. ఈ వరుస తప్పితే వచ్చే అంకె దేనికీ పనికిరాదు. నమూనాను ఊదారంగు మూత ఉన్న గొట్టంలో తీస్తారు. చిన్న ఊళ్ల ల్యాబులు దాన్ని హైదరాబాదుకో చెన్నైకో పంపుతాయి కాబట్టి రిపోర్టు రావడానికి ఎంతసేపు పడుతుందో ముందే అడగండి. దగ్గు వస్తే ఊళ్లో డాక్టరు మామూలుగా ఎరిత్రోమైసిన్ లేదా క్లారిత్రోమైసిన్ రాయవచ్చు. అవి సైక్లోస్పోరిన్ లెవల్‌ను పెంచేస్తాయి. టీబీకి వాడే రిఫాంపిసిన్, మూర్ఛకు వాడే ఫెనిటోయిన్ తగ్గించేస్తాయి. ఒళ్లు నొప్పులకు బ్రూఫెన్ వేస్తే మూత్రపిండాల మీద భారం పెరుగుతుంది. ఫంగస్ మందు ఆపినప్పుడు కూడా లెవల్ మారుతుంది. పంపరపనస ఇంట్లోకే రానివ్వకండి. ఒంటి మీద, ముఖం మీద వెంట్రుకలు పెరగడం, చిగుళ్లు వాయడం ఈ మందు వల్ల వచ్చేవే, మందు ఆపాక తగ్గుతాయి. అయితే తలనొప్పి, చూపు మసకబారడం, బీపీ పెరగడం కనిపిస్తే మాత్రం అవి మూర్ఛకు ముందు సూచనలు కావచ్చు. పిల్లల చేతికి సరిపోయే పట్టీతో బీపీ మిషను కొనండి. పెద్దవాళ్ల పట్టీతో చూస్తే అంకె అసలు కన్నా తక్కువగా కనబడి మోసం చేస్తుంది.

ఇక కాగితాలు. డిశ్చార్జి సమ్మరీలో మార్పిడి తేదీ, కండిషనింగ్‌కు (మార్పిడికి ముందు పాత మజ్జను తొలగించడానికి) వాడిన మందులు, ఇచ్చిన కణాల లెక్క, జీవీహెచ్‌డీ రాకుండా వాడుతున్న మందులు, సీఎంవీ అనే వైరస్ పరీక్ష ఫలితాలు, కైమెరిజం, ఇద్దరి బ్లడ్ గ్రూపులు ఉన్నాయో లేదో చూసుకోండి. ఆ బ్లడ్ గ్రూపు సంగతి చాలామంది మరిచిపోతారు. మీ బాబుకు ఇన్నేళ్లూ రక్తం ఎక్కించిన బ్లడ్ బ్యాంకులో వాడి పాత కార్డు అలాగే ఉంటుంది. అక్కది వేరే గ్రూపు అయితే బాబు గ్రూపు క్రమంగా ఆమెదిగా మారుతుంది. మారే దశలో ఏ గ్రూపు ఎర్రకణాలు, ఏ గ్రూపు ప్లేట్‌లెట్లు ఇవ్వాలో ఆసుపత్రి నుంచి ఉత్తరం తీసుకుని ఆ కార్డుకు కుట్టించండి. ఎక్కించే రక్తం ఏదైనా రేడియేషన్ ఇచ్చినదై, తెల్లకణాలు వడకట్టినదై ఉండాలన్నది కూడా ఆ ఉత్తరంలో ఉండాలి. అటువంటి రక్తం మీకు దగ్గరలో ఎక్కడ దొరుకుతుందో ఫోన్ చేసి కనుక్కోవడం ఈ వారంలోనే చేయవలసిన పని.

కడప తల్లి

ఖమ్మం అన్నయ్య గారి మాటను గౌరవిస్తూనే నేను వేరే మాట చెబుతాను. పట్టణంలో వాటా అందరికీ సాధ్యం కాదు. వేలూరులో నెలల తరబడి గది అద్దె, మందులు, రెండు చోట్ల సంసారం, ఇవన్నీ భరించి వచ్చిన కుటుంబానికి మళ్లీ ఒక అద్దె ఇల్లంటే అప్పే. మేము నేరుగా మా పల్లెకే వెళ్లాం, మా అబ్బాయి బాగున్నాడు. కానీ ఊరికే వెళ్లలేదు. మా ఆయన ముందుగా వెళ్లి ఒక గదిని మా కోసం వేరు చేయించారు. నెమ్ము ఉన్న గది కాకుండా, గాలీ వెలుతురూ వచ్చే పై గది ఎంచుకున్నారు. సున్నం, మరమ్మతులు, తలుపుల పని మేము చేరడానికి చాలా ముందే ముగించారు, ఎందుకంటే గోడ గీకినప్పుడు లేచే దుమ్ములో ఆస్పర్‌జిల్లస్ అనే ఫంగస్ విత్తనాలు ఉంటాయట, అవి ఊపిరితిత్తుల్లో చేరితే ఈ పిల్లలకు ప్రాణాంతకం. మీరు చేరిన తరువాత ఇంట్లో సుత్తి చప్పుడు వినబడకూడదు. నీళ్ల కూలరు తీసేయించాం. తులసికోటను పెరటి వైపుకు జరిపించాం, మట్టి పని వాడి ఎదుట ఎవరూ చేయరు.

నీళ్ల విషయంలో నేను మొండిగా ఉన్నాను. టిన్ను నీళ్లయినా, ఫిల్టరు నీళ్లయినా తెర్లే దాకా కాచి, మూత పెట్టి చల్లార్చిందే వాడికి. వంట ఏ పూటకు ఆ పూటే. చద్దన్నం, ముందు రోజు పప్పు, పొయ్యి దించాక పైన చల్లే కారప్పొడి, పచ్చి కొబ్బరి చట్నీ, మొలకెత్తిన గింజలు అన్నీ మానేశాం. గేదె పాలు అప్పుడే పితికినవైనా బాగా కాచాల్సిందే. ఆవకాయ వాసనకు మా వాడు ఏడ్చేవాడు. పెరుగు మాత్రం ఒక్కో ఆసుపత్రి ఒక్కో రకంగా చెబుతుంది. ఇటీవల కొన్ని చోట్ల ఆహార నిబంధనలు కొంత సడలించారని విన్నాను, మీకు ఇచ్చిన పట్టికనే పట్టుకోండి.

అయితే మీ పరిస్థితిలో నాకు అభ్యంతరం ఉన్నది ఇంటి విషయంలో కాదు, కాలం విషయంలో. కుప్పనూర్పులు, గడ్డి మోయడం జరుగుతున్నప్పుడు ఆ ఇంట్లో అడుగు పెట్టకండి. కోతలు ముగిసి గడ్డిమేటు వేయడం పూర్తయి, ఆ దుమ్ము అణగిన తరువాత వెళ్లండి.

పాలకొల్లు అమ్మ

మీ అందరికీ ఎలా కృతజ్ఞతలు చెప్పాలో తెలియడం లేదు. బ్లడ్ గ్రూపు సంగతి నా బుర్రలో లేనే లేదు. బాబుది ఓ పాజిటివ్, అక్కది బీ పాజిటివ్. పాత కార్డు మీద ఓ అనే ఉంది.

ఇంకొక విషయం. బాబు హిమోగ్లోబిన్ పది దగ్గర నిలిచింది. ఊళ్లో మాకు తెలిసిన డాక్టరు గారికి ఫోన్‌లో చెబితే, పది తక్కువే కదా, ఐరన్ టానిక్ మొదలుపెడదాం, రాగానే చూపించండి అన్నారు. ఆయన మంచివారు, బాబు పుట్టినప్పటి నుంచి చూస్తున్నారు. కానీ ఐరన్ అనగానే నాకు గుండె ఝల్లుమంది. మజ్జ ఇచ్చిన మా పాప కూడా తలసీమియా క్యారియరే (జబ్బు లేకుండా దాని జన్యువు మాత్రం ఉన్న మనిషి) అని ఇక్కడ చెప్పారు. ఈ పది గురించి నేను భయపడాలా?

పిల్లల డాక్టరు, గుంటూరు

భయపడనవసరం లేదు, టానిక్ కూడా వేయకూడదు. దాత తలసీమియా మైనర్, అంటే క్యారియర్, అయినప్పుడు ఆమె మజ్జ ఏ హిమోగ్లోబిన్ తయారుచేస్తుందో మీ బాబుకు కూడా అదే వస్తుంది. అక్కకు ఎంత ఉందో ఒకసారి చూడండి, ఇద్దరి అంకెలూ దగ్గరదగ్గరగా ఉంటే అది సహజం. వాడి ఒంట్లో ఐరన్ లోటు లేదు, ఇన్నేళ్లు ఎక్కించిన రక్తం వల్ల కాలేయంలో, గుండెలో పేరుకుపోయిన ఐరన్ ఉంది. మార్పిడితో రక్తం ఎక్కించడం ఆగుతుంది తప్ప అప్పటికే చేరిన ఐరన్ పోదు. దాన్ని తరువాతి దశలో తీస్తారు. అందుకు ఒక పద్ధతి, కొద్దికొద్దిగా రక్తం తీయడం. తలసీమియాకు మజ్జ మార్పిడిని 1980లలో పెద్ద ఎత్తున చేసి చూపించిన ఇటలీలోని పెసారో బృందం, డాక్టర్ గైడో లుకారెల్లి నాయకత్వంలో పనిచేసినది, ఈ పద్ధతిని వాడింది. కిలో బరువుకు 6 మిల్లీలీటర్ల చొప్పున రెండు వారాలకు ఒకసారి తీసేవారు. ఇన్నాళ్లూ రక్తం కోసం పరిగెత్తిన తల్లిదండ్రులకు పిల్లవాడి రక్తం తీసి పారబోయడం చూడడం మొదట్లో కష్టంగా ఉంటుంది, ఇది ముందే తెలిసి ఉంటే కొంత నయం. ఎప్పుడు మొదలుపెట్టాలి, దీనికి బదులు మందు ఇవ్వాలా అన్నది మీ మార్పిడి బృందం ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వను తెలిపే రక్త పరీక్ష) చూసి చెబుతుంది.

మీ ఊరి డాక్టరు గారిని మాత్రం వదులుకోకండి. ఆయనకు డిశ్చార్జి సమ్మరీ ముందే పంపి, వేలూరు బృందంతో ఒకసారి ఫోన్‌లో మాట్లాడించండి. జ్వరం వచ్చిన రాత్రి మొదటి యాంటీబయాటిక్ ఇచ్చేది ఆయనే అవుతారు.

టీకాల సంగతి ఎవరూ రాయలేదు. పాత టీకాల రక్షణ చాలావరకు పోయింది కాబట్టి అన్నీ మొదటి నుంచి వేయాలి. నిర్జీవ టీకాలు మార్పిడి అయిన ఆరు నెలల నుంచి ఏడాది మధ్యలో మొదలవుతాయి. తట్టు, ఆటలమ్మ వంటి సజీవ టీకాలు రెండేళ్లు నిండి, రోగనిరోధకతను అణచే మందులన్నీ ఆగిన తరువాత గానీ వేయరు. బీసీజీ మళ్లీ వేయరు. ఇంట్లో పెద్దవాళ్లందరూ ఫ్లూ టీకా వేయించుకోవాలి.

మీ తోటికోడలి కొడుకు విషయం ఇక్కడ ముఖ్యం. పల్స్ పోలియో రోజుల్లో ఆశా కార్యకర్త ఇంటికి వచ్చి ఆ పిల్లవాడికి చుక్కలు వేస్తుంది. చుక్కల మందులో ఉన్నది సజీవ వైరస్, అది కొన్ని వారాల పాటు మలంలో బయటకు వస్తుంది. మీ బాబు ఉన్న ఇంట్లోని పిల్లలకు చుక్కలకు బదులు ఇంజెక్షన్ రూపంలో ఉండే పోలియో టీకా వేయించాలి. ఎవరైనా పొరపాటున చుక్కలు వేస్తే ఆ కొన్ని వారాలు ఇద్దరినీ వేర్వేరు ఇళ్లలో ఉంచడం క్షేమం. ఆ చంటివాడికి ఎంఎంఆర్ (తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా టీకా) మాత్రం నిరభ్యంతరంగా వేయించవచ్చు. బడిలో గానీ ఇంట్లో గానీ ఎవరికైనా ఆటలమ్మ సోకినట్లు తెలిస్తే, బాబుకు పొక్కులు వచ్చేదాకా ఆగకుండా, తెలిసిన రోజునే వేలూరుకు ఫోన్ చేయండి. అమ్మవారు పోసిందని వేపాకులు కట్టి కూర్చునే జబ్బు కాదు ఈ పిల్లలకు అది.

డల్లాస్ బాబాయి

ఇక్కడ అమెరికాలో మా అన్నయ్య మనుమరాలికి మార్పిడి జరిగినప్పుడు, వందో రోజు వరకు ఆసుపత్రికి అరగంట ప్రయాణ దూరం దాటి ఉండనివ్వలేదు. ఇంటికి పంపే ముందు తల్లిని కూర్చోబెట్టి, మందుల డబ్బా ఆమె చేతనే సర్దించి, లైను ఫ్లష్ ఆమె చేతనే చేయించి, జ్వరం వస్తే ఏ నంబరుకు చేస్తారో నోటితో చెప్పించి, అప్పుడు సంతకం పెట్టారు. మీరు కూడా మీ వార్డు నర్సు గారిని అలా ఒక పరీక్ష పెట్టమని అడగండి. మీతో పాటు మీ వారిని కూడా కూర్చోబెట్టండి, తల్లికి జ్వరం వచ్చి పడుకున్న రోజున మందులు వేసేవాడు ఒకడు ఇంట్లో ఉండాలి.

విజయనగరం అక్క

అందరూ బాబు గురించి రాశారు. నేను పాప గురించి రాస్తాను, ఎందుకంటే మా ఇంట్లో కూడా చిన్నవాడికి పెద్దదే దాత.

మీ పాప మజ్జ ఇచ్చిన తరువాత తాతయ్య వాళ్ల దగ్గరికి వెళ్లిపోయి ఉంటుంది. నెలల పాటు అమ్మ లేదు, నాన్న లేరు, ఫోన్‌లో కనిపించినప్పుడల్లా మాటలన్నీ తమ్ముడి కౌంట్ల గురించే. ఇప్పుడు మీరు రాగానే ఊరంతా వచ్చి, నీ వల్లే నీ తమ్ముడు బతికాడమ్మా అని ఆ పిల్ల తల నిమురుతారు. వినడానికి బాగానే ఉంటుంది. కానీ రేపు తమ్ముడికి ఒంటి మీద ఎర్రటి దద్దుర్లు వచ్చి, అది అక్క కణాల వల్ల వచ్చిన జీవీహెచ్‌డీ అని పెద్దవాళ్లు పక్క గదిలో మాట్లాడుకోవడం ఆమె చెవిన పడితే? మా పాప అలా విని, అమ్మా, నా రక్తం చెడ్డదా అని నన్ను అడిగింది. అప్పుడు దానికి ఏడేళ్లు. అందుకని మేము ఇంట్లో ఒక మాట ఏర్పరచుకున్నాం. ఇచ్చిందానికి మెచ్చుకుంటాం, ఆ తరువాత జరిగేది డాక్టర్లు, మందులు చూసుకోవలసిన పని అని ఆమెకు పదేపదే చెబుతాం. బతికించావు అనే మాట మా ఇంట్లో ఎవరి నోటా రానివ్వలేదు.

పాప బడికి వెళ్తుంది కాబట్టి జలుబు తెచ్చేది కూడా ఆమే అవుతుంది. బడి నుంచి రాగానే బట్టలు మార్చి, మోచేతుల దాకా సబ్బుతో కడుక్కుని తమ్ముడి దగ్గరికి రావడం మేము ఒక ఆటలా అలవాటు చేశాం. జలుబు చేసిన రోజున ఆమెను వేరే గదిలో పడుకోబెట్టాల్సి వస్తే, ఆ రాత్రి అమ్మో నాన్నో ఆమె పక్కనే పడుకోవాలి. లేకపోతే శిక్ష వేసినట్లే ఉంటుంది. నాకు తెలిసిన ఒక ఇంట్లో దాతగా ఉన్న పిల్లను ఏడాది పాటు మేనమామ ఇంట్లోనే ఉంచేశారు, తమ్ముడికి జబ్బు అంటుతుందని. అది నాకు నచ్చలేదు. ముట్టుకోకుండా ఎలా ఆడుకోవాలో పిల్లలకు నేర్పవచ్చు కానీ, ఇల్లు లేకుండా ఎలా ఉండాలో ఎవరు నేర్పుతారు?

తిరుపతి సభ్యుడు

మొక్కు విషయంలో ఒక మాట. నేను కొండ కిందనే ఉంటాను. క్యూ కాంప్లెక్సులో వేలమంది మధ్య గంటల తరబడి నిలబడటం, కల్యాణకట్టలో కూర్చోవడం ఈ బాబుకు ఇప్పుడు ఏ విధంగానూ తగదు. కారు తిరుపతి మీదుగానే వెళ్తుంది కాబట్టి పెద్దావిడకు మనసు ఆగదు, అది సహజమే. వెళ్లే ముందు ఆవిడ చేతనే పసుపు గుడ్డలో ముడుపు కట్టించి దేవుడి గూట్లో పెట్టించండి. మందులు ఆగి, డాక్టర్లు గుంపుల్లోకి వెళ్లవచ్చు అన్న రోజున ఆ ముడుపు తీసుకుని అందరూ కలిసి రండి. మొక్కు ఆలస్యమైతే స్వామి కోపగించుకోడు. కీమోలో రాలిపోయి ఇప్పుడిప్పుడే మొలుస్తున్న ఆ జుట్టు అప్పటికి సమర్పించడానికి తగినంత పెరుగుతుంది కూడా.

వ్రతం కూడా అంతే. చేయాలనుకుంటే ఇంటివాళ్లు నలుగురే కూర్చుని చేసుకోవచ్చు, బాబు పై గదిలో ఉంటాడు, పంచామృతం, తీర్థం వాడికి పెట్టకుండా ఉంటే చాలు. ఊరి భోజనాలు మరో ఏడాది.

ఖమ్మం నాన్న

కడప చెల్లెమ్మ గారు అన్న ఖర్చు మాట నిజమే, నేను దాన్ని తేలిగ్గా తీసుకోవడం లేదు. మాకు కోల్ ఇండియా వారి తలసీమియా బాల సేవా యోజన కింద సహాయం అందింది కాబట్టే కొంత వెసులుబాటు దొరికింది. 2017లో మొదలైన ఆ పథకంలో అర్హులైన పిల్లల మార్పిడికి 10 లక్షల రూపాయల వరకు ఇస్తారు, కానీ అది ఆసుపత్రికి వెళ్లే డబ్బు, ఇంటి అద్దెకు రాదు. మార్పిడి తరువాత నెలనెలా మందులు, లెవల్ పరీక్షలు మన జేబులోంచే. కనుక పాలకొల్లు అమ్మ గారూ, మొత్తం ఏడాదికి అద్దె అనుకోకండి. కోతల కాలం దాటేవరకు మాత్రం పట్టణంలో ఉండి, ఆ తరువాత కడప చెల్లెమ్మ గారు చెప్పినట్లు సిద్ధం చేసిన గదికి వెళ్లండి. ఇందులో మా ఇద్దరికీ పేచీ ఏమీ లేదు.

ఒరిజినల్ బిల్లులన్నీ ఒక ఫైలులో పెట్టి, ఫొటోలు తీసి ఉంచుకోండి. సీఎం సహాయ నిధికి దరఖాస్తు చేయదలిస్తే ఆసుపత్రి ముద్ర ఉన్న అసలు బిల్లులే అడుగుతారు, ఊరికి వెళ్లాక వాటి కోసం మళ్లీ వేలూరు రావడం వ్యర్థ ప్రయాస. తలసీమియా 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో చేర్చిన 21 వైకల్యాలలో ఒకటి, ఇంతకు ముందు తీసుకున్న ధ్రువపత్రాలు ఉంటే పారేయకండి.

పాలకొల్లు అమ్మ

నిన్న రాత్రి మా వారితో, ఈ ఉదయం ఫోన్‌లో మా అత్తగారితో మాట్లాడాను. మీరు రాసినవన్నీ మా వారు ఆవిడకు చదివి వినిపించారు. వ్రతం మాట ఆవిడే వెనక్కి తీసుకున్నారు, ముడుపు మాత్రం ఈ శనివారమే కడతానన్నారు. కోతలు ముగిసేదాకా భీమవరంలో మేడ మీద వాటా చూడమని మా మరిదికి చెప్పాం. పాప అక్కడికే వచ్చి మాతో ఉంటుంది. బడికి కొన్నాళ్లు సెలవు పెట్టిద్దామా అని మా వారు అన్నారు కానీ, విజయనగరం అక్క గారి మాట విన్న తరువాత అలా చేయడం నాకు ఇష్టం లేదు. భీమవరంలోనే ఏదైనా బడిలో కూర్చోబెట్టే ప్రయత్నం చేస్తున్నాం. మా తోటికోడలు తన కొడుక్కి ఇంజెక్షనే వేయిస్తానంది, ఆశా కార్యకర్తకు కూడా తనే చెబుతానంది.

బ్లడ్ గ్రూపు ఉత్తరం అడిగాను, సోమవారం ఇస్తామన్నారు. ఇక ఒకే ఒక్క అనుమానం మిగిలింది. భీమవరంలో నమూనా తీసి హైదరాబాదు పంపే ల్యాబు దొరికింది. కానీ ఇక్కడి లెవల్‌కూ అక్కడి లెవల్‌కూ తేడా వస్తే ఏది నమ్మాలి?

విశ్రాంత నర్సు

మంచి ప్రశ్న అడిగారు. ల్యాబు మారితే పరీక్ష చేసే పద్ధతి మారవచ్చు, పద్ధతి మారితే అదే రక్తానికి వేరే అంకె రావచ్చు. అందుకని బయలుదేరే ముందు రోజున వేలూరులో ఒక లెవల్ ఇవ్వండి. మోతాదు మార్చకుండా ఉంటే, భీమవరం చేరిన కొద్ది రోజుల్లోనే రాత్రి మందు వేసిన అదే సమయం నుంచి లెక్క పెట్టి, పన్నెండో గంటకు మరొకటి ఇవ్వండి. రెండు రిపోర్టులూ, వాటి మీద ఉన్న పరీక్ష పద్ధతి పేరుతో సహా, వేలూరుకు పంపితే ఆ రెండిటి మధ్య తేడాను వారు లెక్కలోకి తీసుకుంటారు. ఆ తరువాత ల్యాబు మార్చకండి. మందు తయారీ కంపెనీని కూడా దుకాణంవాడు మార్చి ఇస్తే తీసుకోకండి, ఇప్పుడు వాడుతున్న పేరే ఇమ్మనండి, అది భీమవరంలో దొరకకపోతే వేలూరు నుంచే కనీసం నెలకు సరిపడా తెచ్చుకోండి. పరీక్ష రోజున బాబు టిఫిను తినవచ్చు, ఆగవలసింది క్యాప్సూలు ఒక్కటే. ల్యాబు మనిషి ఇంటికి ఆలస్యంగా వస్తే క్యాప్సూలు కూడా అంతసేపూ ఆగుతుంది కాబట్టి, పొద్దున్నే రాగలిగే మనిషిని మాట్లాడుకోండి.